దాహం లేదన్నాను

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి పోలింగు అయ్యేదాకా నేను జోకులు వెయ్యకూడదట. ఆర్డరు వచ్చింది. ఇచ్చినవాడు మా ఆవిడ తమ్ముడు. వాణ్ణి ఇంట్లో అందరం మేనేజరు అంటాం. చెప్పుల షాపులో రెండేళ్ళు మేనేజరుగా చేశాడు. షాపు మూతపడింది, పేరు మిగిలింది. ఇప్పుడు నా ఎన్నికలు మేనేజ్ చేస్తున్నాడు.

"బావా, కౌన్సిలరంటే జనం తలెత్తి చూడాలి. నువ్వు నోరు తెరిస్తే పొట్ట పట్టుకుని చూస్తారు. ఇరవై ఏడు రోజులు ఓర్చుకో."

ఇరవై ఏడు రోజులు! నా నోట్లో నువ్వుగింజ నానదు. లోపలే ఆపుకుంటే కడుపుబ్బరం. అందుకని ఈ పుస్తకం. ఇది నా పని పుస్తకమే, ఎవరింటి వాల్వు ఎక్కడుందో రాసుకునేది. వెనక నుంచి తిప్పి మొదలుపెట్టాను. ఎనిమిదిలో ఆపేసిన చదువు, అక్షరాలు వంకర పోతే పోనీ, చూసేదెవరు. పొద్దున్నే మోటారు వేసి పైన ట్యాంకు నిండేలోపు రాస్తాను. పొర్లితే ఆపేస్తాను.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ వార్డులో ప్లంబర్ని. మనుషుల మొహాలు మర్చిపోతాను కానీ బాత్రూములు మర్చిపోను. పోయినేడు మెయిన్ లైను పగిలి మూడు రోజులు రోడ్డంతా పారితే మున్సిపాలిటీ ఆఫీసు నుంచి ఒక్కడూ రాలేదు. నేనే మోకాలి లోతు బురదలో దిగి వాల్వు వెతికి కట్టేశాను. అప్పుడెవడో అన్నాడు, "నువ్వే నిలబడరాదూ" అని. జోకనుకున్నాను. వాళ్ళు అనుకోలేదు. నా జన్మలో అలా జరగడం అదే మొదలు.

పొర్లుతోంది.

మార్చి 4, మంగళవారం

నా సామాన్ల సంచీ మేనేజరు కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. నాయకుడి చేతిలో రెంచీ ఉండకూడదట. నిన్న సంచీ లేకుండా వీధిలో నడిచాను. ఎడమ భుజం తేలిపోయి మనిషిని పక్కకి లాగుతోంది. తాగినవాడిలా నడిచానని మా ఆవిడ అంది.

మార్చి 6, గురువారం

పోస్టర్లు వచ్చాయి. అందులో నేను తెల్లగా, ప్రశాంతంగా, ఈమధ్యే పోయినవాడిలా ఉన్నాను.

మార్చి 8, శనివారం

నిన్న ఇస్త్రీ షాపావిడ ఇంటికి ఓటడగడానికి వెళ్ళాం. మాట్లాడుతున్నంతసేపూ వెనక వంటింట్లో కుళాయి టప్, టప్. నాకు అది వినబడుతుంటే ఎదుటివాళ్ళ మాట వినబడదు. జేబులో చూస్తే ఎప్పటిదో ఒక వాషరు ఉంది. ఆవిడ దగ్గర పటకారు లేదు, బట్టలు తగిలించే కొక్కెంతో తిప్పాను. ఐదు నిమిషాలు. చుక్క ఆగింది. ఆవిడ ఆ నిశ్శబ్దం విని, "ఆరు నెలల్నుంచి దీని గోల వింటూ ఇస్త్రీ చేస్తున్నా నాయనా" అంది.

బయటికి రాగానే మేనేజరు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేశావో తెలుసా బావా? ఒక ఓటు పోగొట్టావు."

"బాగుచేస్తే పోతుందేంట్రా?"

"ఇంకేం మిగిలింది ఆవిడకి నీతో పని? కడుపు నిండినవాడు బంతిలో కూర్చుంటాడా? 'గెలిచాక చేస్తా' అను. అదొక్కటే నువ్వు నేర్చుకోవాల్సిన మాట."

నేర్చుకున్నాను. తర్వాత ఏడిళ్ళలో కారే ఫ్లష్ ట్యాంకులూ మొండికేసిన కుళాయిలూ చూపించారు. ఏడిళ్ళలోనూ "గెలిచాక" అన్నాను. మొదటిసారి అన్నప్పుడు నాలుక మీద తుప్పు నాకినట్టుంది. ఏడోసారికి ఏ రుచీ తెలియలేదు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మురుగులో చెయ్యి పెట్టిన రోజు కూడా అంతసేపు కడగలేదు.

మార్చి 11, మంగళవారం

నిన్న అక్క వాళ్ళ వీధి. ముప్పై ఎనిమిది ఇళ్ళు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రారా నాయకుడా. చెప్పులు బయటే విడువు. ఓట్లడిగే కాళ్ళకి కూడా బురదే ఉంటుంది."

లోపల బావ కుర్చీలో కాళ్ళు చాపుకుని, "నా ఓటు నీకెందుకు వేస్తాన్రా? నెత్తికి సబ్బు పెట్టుకున్నప్పుడల్లా వీధిలో వాల్వు కట్టేసిన వెధవ్వి!"

నిజమే. ఈ పనిలోకొచ్చిన కొత్తలో మొదలుపెట్టాను. బావ సబ్బు నురగతో తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోకొచ్చి తిట్టేవాడు, వీధి వీధంతా నవ్వేది. ముప్పై ఏళ్ళుగా అదే జోకు, అదే తిట్టు. ఇద్దరికీ విసుగు రాలేదు.

అక్క గ్లాసుతో నీళ్ళిచ్చింది. "నాలుగు రోజుల్నుంచి నీళ్ళు అదో రకంగా వస్తున్నాయిరా. పొద్దున పట్టినప్పుడు మరీనూ."

గ్లాసు మొహం దాకా తెచ్చాను. దించాను.

"ఏం, తాగవేం?"

"దాహం లేదక్కా."

అప్పటికి పదకొండు ఇళ్ళు ఎక్కి దిగాను. ఎండ మాడుస్తోంది. అయినా దాహం లేదు. లేనప్పుడు లేదనే కదా అంటాం. వీధి చివర షాపులో సీసా కొని నిలబడి సగం తాగేశాను. అప్పుడు వేసింది దాహం. అది మన చేతిలో ఉండేది కాదు.

మార్చి 12, బుధవారం

నిన్న మేనేజరు హుషారుగా వచ్చాడు. అక్క వాళ్ళ వీధి వాసన వాడి ముక్కుకి అత్తరులా తగిలింది.

"నూట ఇరవై ఓట్లు బావా ఆ వీధిలో. ఆ కంపు ఉన్నన్ని రోజులూ అవి మనవి. పక్క వీధులకి కూడా పాకితే ఇంకా మంచిది."

"తవ్వితే పూట పనిరా అది."

"ఎక్కడ తవ్వాలో తెలుసా నీకు?"

"తెలియదు. పాత లైను. ఎక్కడైనా పోయుండొచ్చు."

"తెలియదు కదా. అయితే పోలింగు అయ్యాక తెలుసుకో."

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. కాకి ముక్కు ఎలా ఉంటుందో నిన్న దగ్గరగా చూశాను. వాడిది మా మామగారి ముక్కే.

మార్చి 13, గురువారం

పాత లైనని రాశాను నిన్న. వేసి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళకి పైపు పాతబడదు.

మార్చి 15, శనివారం

నిన్న సాయంత్రం అక్క వాళ్ళ వీధి మలుపులో మీటింగు. స్టూలెక్కి మాట్లాడాను. మాటలు మేనేజరువి. "మీ పిల్లల గ్లాసుల్లో మురుగు పోస్తున్నదెవరు?" అన్నాను. ఆగమన్నాడు కాబట్టి ఆగాను. జనం కేక పెట్టారు. ఎవరి పేరు చెప్పారంటే ఇప్పుడున్న కౌన్సిలరు పేరు.

ఆయన్ని అందరూ చిరునవ్వు అంటారు. ఇల్లు కాలుతున్నా, బిడ్డ పుట్టినా, ఒకటే నవ్వు. ఆ పేరు నేను పెట్టిందే. అదొక కథ.

చప్పట్లు కొడుతుంటే కింద ముందు వరసలో అక్క. ఆవిడ చప్పట్లు కొట్టడం లేదు, పక్కావిడకి నన్ను చూపించి 'మా తమ్ముడే' అంటోంది. పెదాలు చూస్తే తెలిసింది.

దిగాక చాలామంది చెయ్యి కలిపారు. చెమట చేతులు. నా చెయ్యే అన్నిటికంటే తడిగా ఉంది.

మార్చి 17, సోమవారం

సరే, రాస్తాను. ఎవరు చూడొచ్చారు.

పన్నెండేళ్ళ కింద అక్క వాళ్ళ వీధికి కొత్త నీళ్ళ లైను వేసింది నేను. మురుగు పైపు పక్కనే, మూరెడు దూరంలో. వెయ్యకూడదు. కానీ రెండో పక్క రాయి తగిలింది, ఆ సాయంత్రమే చిరునవ్వు వచ్చి కుళాయి తిప్పి ఫొటో దిగాలి. చివర్లో రెండు పైపుల్ని కలిపే కప్లింగు ఒకటి తక్కువైంది. షాపు కట్టేశారు. మనుషులు పార పట్టుకుని నా నెత్తిన నిలబడ్డారు, పూడ్చెయ్యాలి అని. సైకిలు ట్యూబు చింపి రెండు పైపుల మూతులకీ బిగించి చుట్టాను, పైన ఇనప తీగ. రేపొచ్చి తీసేసి సరిగ్గా వేద్దాంలే అనుకున్నాను.

తీగ మాత్రం సరిగ్గానే కట్టాను. నాకు పని నేర్పిన గురువు మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు: మూడు మెలికలు వెయ్యాలి, మిగిలిన తోక లోపలికి మడవాలి. "తర్వాత చెయ్యి పెట్టేవాడికి గుచ్చుకోకూడదురా" అనేవాడు. ఈ వార్డులో ఎక్కడ తోక మడిచి కనబడినా అది నా కట్టే.

సాయంత్రం చిరునవ్వు తెల్ల బట్టల్లో వచ్చాడు. కుళాయి తిప్పాడు. నేను వీధి చివర వాల్వు దగ్గర కూర్చుని కొంచెంసేపు గాలి వదిలి, ఆయన వంగి కుళాయిలోకి చూస్తుండగా ఒక్కసారి పూర్తిగా తిప్పేశాను. మొహం మీద, చొక్కా మీద, ఫొటో తీసేవాడి మీద. ఆయన నీళ్ళు కారుతూ అలాగే నవ్వుతూ నిలబడ్డాడు. అక్కడ పుట్టింది ఆ పేరు. వీధంతా కింద పడి దొర్లారు. నన్ను ఎత్తుకున్నంత పని చేశారు. ఇప్పటికీ ఆ వీధిలో చుట్టాలొస్తే ఆ కథ చెబుతారు.

ఆ నవ్వుల్లో రేపు అన్నది మర్చిపోయాను.

ఎన్నిసార్లు ఆ వీధిలో నడిచానో. అక్క ఇంటి గేటు నుంచి ఏడడుగులు, ఎడమ పక్క. దాని మీదుగానే నడిచాను.

ట్యూబు కుళ్ళిపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళు వదిలినప్పుడు బయటికి కారుతుంది. ఆపాక పైపు ఖాళీ అయి చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. చుట్టూ ఉన్నది మురుగు.

కుళ్ళిందని ఎవరన్నారు. చూడలేదు కదా ఎవరూ.

మార్చి 19, బుధవారం

అక్క ఫోన్ చేసింది. బావకి మూడు రోజులుగా విరేచనాలు, ఎదురింటి పాపకి జ్వరం, వాంతులు.

"ఏరా, నిజం చెప్పు, నీ వేళాకోళం కాదు కదా?" బావ వెనక నుంచి అరుస్తున్నాడు. "ఓట్ల కోసం ఏమైనా కలిపాడేమో అడగవే!" అని, తనే నవ్వుతున్నాడు. నవ్వలేక దగ్గుతున్నాడు.

"నీళ్ళు కాచుకుని తాగండక్కా" అన్నాను.

"ఎందుకు? వాటిలో ఏముంది?"

"ఏమీ లేదు. ఎండాకాలం కదా."

కాస్తే చాలు. కాస్తే అన్నీ చస్తాయి. చెప్పాను కదా.

మార్చి 20, గురువారం

మేనేజరు లెక్క ప్రకారం గెలుస్తున్నానట.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ ఏమీ రాయను. ట్యాంకు త్వరగా నిండింది.

మార్చి 23, ఆదివారం

అక్కని మొన్న రాత్రి ఆసుపత్రిలో చేర్చారు. నిన్న వెళ్ళాను. నీళ్ళు కాచి బావకీ పాపకీ పోసిందట. తను మాత్రం, "పొయ్యి దగ్గర అంతసేపు ఎవడు నిలబడతాడు, నాకేం అవుతుందిలే" అని కుళాయి నీళ్ళే తాగింది. అరవై రెండేళ్ళు. డాక్టరు చెప్పాడు, ఒంట్లో నీళ్ళన్నీ పోయి కిడ్నీల మీద దెబ్బ పడింది, రెండు మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనని.

మంచం మీద అక్క చెయ్యి ఎండిన స్పాంజిలా ఉంది. చిటికెడు పట్టి వదిలితే అలాగే లేచి ఉండిపోతోంది చర్మం.

"ఒరే, మీటింగు మానేసి వచ్చావా?" అంది. గొంతు లేదు.

అంతలో తలుపు తోసుకుని మేనేజరు. వెనక కెమెరావాడు.

"బావా, అలాగే ఉండు. చెయ్యి పట్టుకునే ఉండు. కొంచెం విచారంగా చూడు. అబ్బే, అంత కాదు, ఏడుపు వద్దు, కోపంగా ఉన్న విచారం."

చూశాను. వాడు చెప్పినట్టే చూశాను. కోపంగా ఉన్న విచారంగా. మూడు ఫొటోలు తీసేదాకా కదల్లేదు. నన్ను నేను ఎక్కడైనా వాంతి చేసుకుని బయట పారేసే వీలుంటే బాగుండేది.

వచ్చేస్తూ ఆ వీధికెళ్ళి చివర ఉన్న వాల్వు కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు రాకపోతే తాగరు. ఇక ఎవరికీ ఏమీ కాదు. సరిపోయింది.

మార్చి 24, సోమవారం

సరిపోలేదు. వీధికి నీళ్ళు ఆగిపోయాయని తెలిసి మేనేజరు ట్యాంకరు తెప్పించాడు. దాని మీద ఇంత పొడుగున నా బొమ్మ. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నా మొహం ముందు వరస కట్టారు. ఒక ముసలాయన ట్యాంకరు మీద నా బొమ్మ బుగ్గ నిమిరాడు.

రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ అడిగింది. తల ఎత్తకుండా వడ్డిస్తూనే.

"అన్ని వీధులకీ ఖాళీ చేతుల్తో వెళ్తారు. మీ అక్క వాళ్ళ వీధికి మాత్రం పది రోజుల్నుంచి ఇంట్లో నీళ్ళు సీసాలో పోసుకెళ్తున్నారు. ఎందుకండీ?"

"ఎండ."

"ఎండ ఆ వీధిలోనే కాస్తోందా?"

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆవిడ నా ముందు గ్లాసు నింపి పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 26, బుధవారం

చెప్పేశాను. నిన్న మీటింగులో, ఆ వీధి మలుపులోనే. మేనేజరు రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది.

"ఆ జాయింటు కట్టింది నేను" అన్నాను. "సైకిలు ట్యూబుతో కట్టాను. మీ నీళ్ళలో మురుగు కలిపింది చిరునవ్వు కాదు, నేను."

వెనక నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు, "వాల్వు దగ్గర ఎవర్ని కూర్చోబెట్టావు అన్నా? ఇవాళ ఎవరి చొక్కా తడుస్తుంది?" అన్నాడు. అంతే. వరస వరసా నవ్వు అందుకుంది. పిల్లల్ని భుజాలెక్కించుకున్నవాళ్ళు కూడా ఊగిపోతూ నవ్వారు. సైకిలు ట్యూబట, సైకిలు ట్యూబట, అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. "ఇంకోటి! ఇంకోటి!" అని చప్పట్లు.

గట్టిగా ఇంకోసారి చెప్పొచ్చు. చెప్పలేదు. వాళ్ళు నవ్వుతుంటే నా మూతి కూడా దానంతటదే నవ్వింది. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎదుటివాడు నవ్వితే సాగుతుంది. స్టూలు మీద నిలబడి నవ్వాను.

దిగాక మేనేజరు చెవిలో అన్నాడు: "జోకులొద్దన్నాను కానీ బావా, ఇది మాత్రం అదిరింది."

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది, "నాన్నా పులి అని అరిచే పిల్లాడు మీకంటే నయం. వాడు చివర్లో అయినా నవ్వలేదు."

మార్చి 28, శుక్రవారం

నిన్న పొద్దున చిరునవ్వు మనుషులు వెళ్ళి ఆ వాల్వు తిప్పేశారు. డప్పొక్కటే తక్కువ. 'మీ నీళ్ళు మీకు తెప్పించిన నాయకుడు' అని కాగితాలు పంచారు. వీధంతా బిందెలూ బకెట్లూ డబ్బాలూ నింపేసుకున్నారు. నాలుగు రోజుల పాటు మురుగు నానిన పైపులోంచి వచ్చిన నీళ్ళు.

పరిగెత్తాను. ఇంటింటి గుమ్మం ముందూ, "తాగకండి, పారబొయ్యండి" అన్నాను.

"సబ్బు పెట్టుకోలేదులే అన్నా, ఇవాళ దొరకం!" అని ఒకడు.

"గెలిచాక పారబోస్తాం" అని ఇంకొకావిడ. నా మాటే నాకు.

ఎదురింటావిడ వాకిట్లో కూర్చుని ఉంది. మొన్నటిదాకా జ్వరం పడ్డ పాప ఒళ్ళో. పాప చేతిలో పాలసీసా, అందులో ఆ నీళ్ళే. ఆ సీసా లాక్కుని మురిక్కాలవలో పోసేశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. తల్లి నా మొహంలోకి చూసింది. ఆ వీధిలో నవ్వకుండా నన్ను చూసిన మొదటి మనిషి.

ఇవాళ తవ్వుతాను. సంచీ డిక్కీలో ఉంది. తాళం మేనేజరు దగ్గర, అడిగితే ఇవ్వడు.

ఇది రాస్తుండగా మా ఆవిడ వచ్చి బల్ల మీద డిక్కీ తాళం పెట్టింది. తమ్ముడి జేబులోంచి తీసినట్టుంది. మోటారు తనే ఆపుతానంది.

మార్చి 29, శనివారం

నిన్న ఎనిమిదింటికి గడ్డపార వేశాను. అక్క గేటు నుంచి ఏడడుగులు, ఎడమ పక్క. కొలవలేదు, వెతకలేదు. తిన్నగా వెళ్ళి నిలబడి తవ్వడం మొదలుపెట్టాను. మొదట పది మంది చుట్టూ చేరి పందేలు కాశారు, లోపల నుంచి ఏం తీస్తానో అని. ఒకడు కుర్చీ తెచ్చుకున్నాడు.

నడుము లోతు దిగేసరికి కంపు పైకి లేచింది. కుర్చీ తెచ్చుకున్నవాడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మురుగులో చేతులు పెట్టాను, ఎన్నడూ కడుపులో తిప్పలేదు. నిన్న గోతిలోనే రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

ట్యూబు వేలితో తాకితే చేతిలోకి వచ్చేసింది. నల్లటి జిగురు. తీగ మాత్రం తుప్పు పట్టినా చెక్కు చెదరలేదు. మూడు మెలికలు, తోక లోపలికి మడిచి. నా చేతికి గుచ్చుకోలేదు.

పైకి ఎత్తి పట్టుకున్నాను. బావ ఎప్పుడొచ్చాడో, గోతి అంచున కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి నుంచి స్నానానికి ఇంటికొచ్చాడు. వంగి నా చేతిలోది తీసుకున్నాడు. తిప్పి చూశాడు.

"మా బకెట్టు పిడికి కట్టావు చూడు, ఆ ముడే" అన్నాడు. "నీ ముడే కదరా ఇది?"

"నాదే బావా."

"ఎక్కడ తవ్వాలో ముందే తెలుసా?"

"తెలుసు."

"మీ అక్క నీళ్ళిచ్చినప్పుడు?"

తల ఊపాను.

చుట్టూ యాభై మంది దాకా ఉన్నారు. నేను నోరు తెరిచాక నవ్వని జనాన్ని అంతమందిని ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. ఎదురింటావిడ, "మొన్న చెప్పింది జోకు కాదా?" అంది. కాదన్నాను. పాపని ఎత్తుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడుకి మిగతా జనం కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళు తిడతారేమోనని గోతిలో నిలబడి ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

మధ్యాహ్నానికి రాయి పగలగొట్టి లైను రెండో పక్కకి మార్చాను, పన్నెండేళ్ళ కింద వెయ్యాల్సిన చోటికి. కొత్త పైపు, అసలు కప్లింగులు. బ్లీచింగు కలిపిన నీళ్ళు పట్టించి, కడిగి, గంటసేపు వృథాగా వదిలాను. నిండిన బిందెలన్నీ గుమ్మాల బయట పారబోసి ఉన్నాయి.

గోయి పూడుస్తుంటే మేనేజరు వచ్చాడు. ఏడుస్తాడనుకున్నాను. కళ్ళు మెరుస్తున్నాయి.

"బావా, విను. 'తన తప్పు తనే తవ్వుకున్న నాయకుడు.' ఇంకా ఒక పూట ఉంది, కాగితాలు కొట్టిస్తాను."

పారతో మట్టి ఎత్తి వాడి బూట్ల మీద పోశాను. ఇంకో పార. మోకాళ్ళ దాకా పూడ్చి ఉందును, వాడే గెంతుకుంటూ వెళ్ళిపోయాడు. జోకు కాదది.

మార్చి 31, సోమవారం

నిన్న ఓటు వేశాను. నాకు కాదు.

ఏప్రిల్ 2, బుధవారం

నిన్న లెక్కపెట్టారు. ఏప్రిల్ ఒకటి. ఏటా ఆ రోజు ఎవరో ఒకరి నీళ్ళు కట్టేసేవాణ్ణి. చిరునవ్వు గెలిచాడు. అక్క వాళ్ళ వీధిలో నాకు తొమ్మిది ఓట్లు వచ్చాయి. ఆ తొమ్మిది మందీ ఇంకా జోకనే అనుకుంటున్నట్టున్నారు.

సాయంత్రం చిరునవ్వు ఆ వీధికెళ్ళి, నేను పూడ్చిన చోట నిలబడి ఫొటో దిగాడట. కొత్త లైను వేయించింది ఆయనేనట. పాపం కుళాయి దగ్గర వంగలేదట, దూరంగానే నిలబడ్డాడట.

అక్క గండం గడిచింది. నేను ఆసుపత్రి కింద దాకా వెళ్ళి వచ్చాను. పైకి ఎక్కలేదు. మెట్లు ఎక్కువ.

మెట్లు ఎక్కువేం కాదు.

ఏప్రిల్ 7, సోమవారం

నిన్న అక్క ఇంటికొచ్చింది. రమ్మని కబురు పెట్టింది. గేటు దగ్గర చెప్పులు విడిచాను. సగం అయిపోయింది మనిషి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బావ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. నన్ను వెధవా అనలేదు.

అక్క గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. సాయం పట్టబోతే వద్దంది. కుళాయి తిప్పి గ్లాసు నింపింది. తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. తను ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు దాహం లేదన్నావు" అంది. "ఇవాళ ఉందా?"

"ఉందక్కా."

"తాగు."

తాగాను. ఆపకుండా, అడుగుదాకా. నీళ్ళు బాగున్నాయి. నీళ్ళకి ఏ రుచీ లేదు, అంటే బాగున్నట్టు. ఆవిడ నా గొంతు కదలడం చూస్తూ కూర్చుంది. గ్లాసు కింద పెట్టాను. నవ్వుతుందేమోనని చూశాను. మా అక్క నేనేం చేసినా చివరికి నవ్వుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే.

నవ్వలేదు.

"రేపు కూడా రా. రోజూ పొద్దున్నే రా. నువ్వు తాగాకే ఈ ఇంట్లో తాగుతాం."

"ఎన్నాళ్ళక్కా?"

"నాకు దాహం వేసేదాకా."

ఏప్రిల్ 15, మంగళవారం

తొమ్మిది రోజులైంది వెళ్ళబట్టి. మోటారు వేసి నేరుగా వెళ్ళిపోతున్నాను, ట్యాంకు నిండితే మా ఆవిడ ఆపుతోంది. అందుకే రాయడం కుదరడం లేదు. రాయడానికి కూడా ఏమీ లేదు. వెళ్తాను, తాగుతాను, వస్తాను. నేను తాగినా వాళ్ళు ఇంకా డబ్బా నీళ్ళే కొనుక్కుంటున్నారు. దారిలో ఇస్త్రీ షాపావిడ కుళాయి మళ్ళీ కారుతోందని ఆపింది. సంచీ దించి అక్కడికక్కడే వాషరు మార్చాను.

నిన్న అక్క బల్ల మీద రెండు గ్లాసులు పెట్టింది. రెండూ కుళాయి దగ్గరే నింపింది. నేను నాది తాగాను. రెండోది ఆవిడ ముట్టుకోలేదు. నేను లేచి వచ్చేసేటప్పటికి అలాగే ఉంది, నిండుగా, ఆవిడ చేతికి అందేంత దూరంలో.

టైమైంది.